దిద్దుబాటు ఉన్నా.. దిద్దుకోరే!
సర్వర్లను స్తంభింపజేస్తున్న సాఫ్ట్‌వేర్‌ లోపాలు

నార్సింగి: బాహ్యవలయ రహదారిపై నార్సింగి టోల్‌గేటు వద్ద ప్రతి వరుసలోనూ ఒక వాహనం ఆగి, రుసుము చెల్లించక, వెనుకకు మళ్లక నిలిచిపోతే రాకపోకలన్నీ స్తంభిస్తాయి. ఎవరూ గేటును విరగ్గొట్టనక్కర లేదు. కంప్యూటర్‌ నెట్‌వర్కులపై జరిగే ‘డినయల్‌ ఆఫ్‌ సర్వీస్‌’ దాడి స్వరూపమూ ఇటువంటిదే. సమాచారం చోరీ కాకున్నా వినియోగదారునికి సేవ అందదు. నానక్‌రామ్‌గూడ, కోకాపేటల నడుమ ఐటీ కారిడార్‌ను ఆనుకుని ఉన్న నార్సింగికి ఈ ముప్పు దూరమైనదేమీ కాదు.

గుంపు కొంత.. లోపం కొంత
ఈ దాడులకు అభ్యర్థనల వెల్లువ ఒక్కటే కారణమన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. సాఫ్ట్‌వేర్‌లోని లోపమే అనేక సందర్భాలలో దాడికి బలాన్నిస్తోంది. కనెక్షన్‌ కోరిన ప్రతి యంత్రానికీ సర్వర్‌ కొంత మెమరీ కేటాయించి బదులుకై వేచి ఉంటుంది. బదులు రాని అభ్యర్థనలతో ఆ చోటు నిండితే కొత్తవారికి ప్రవేశం ఉండదు. ‘సిన్‌ ఫ్లడ్‌’గా పేర్కొనే ఈ పద్ధతిలోనే 1996లో న్యూయార్క్‌కు చెందిన ఇంటర్నెట్‌ సంస్థ పానిక్స్‌ సేవలు స్తంభించాయి.

ఆరు నెలల అలసత్వం
2003 జనవరి 25న విజృంభించిన ‘స్లామర్‌’ వార్మ్‌ పరిమాణం 376 బైట్లు మాత్రమే. మైక్రోసాఫ్ట్‌ ఎస్‌క్యూఎల్‌ సర్వర్‌ 2000లోని లోపం ఆధారంగా అది పది నిమిషాలలోనే, లోపమున్న యంత్రాలలో 90 శాతానికి వ్యాపించింది. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్‌ నిలిచిపోగా, అమెరికాలో వేలాది ఏటీఎంలు మొరాయించాయి. ఆ లోపానికి దిద్దుబాటును 2002 జులైలోనే విడుదల చేసి ఉండటం గమనార్హం.

రెండు దశాబ్దాల అనంతరం 2023లో హెచ్‌టీటీపీ/2 ప్రొటోకాల్‌లో ‘ర్యాపిడ్‌ రీసెట్‌’ లోపం వెలుగుచూసింది. అభ్యర్థన పంపి, తక్షణమే రద్దు చేసి, మళ్లీ పంపడం ఇందులోని కిటుకు. రద్దుచేయడం దాడిదారుకు తేలికే గానీ, సర్వర్‌కు మాత్రం ప్రతిసారీ పని తప్పదు. గూగుల్‌పై సెకనుకు 39.8 కోట్ల అభ్యర్థనలు వచ్చిపడ్డాయి. క్లౌడ్‌ఫ్లేర్‌పై దాడికి సుమారు 20 వేల యంత్రాలే సరిపోయాయి.

మన ముంగిట
2023 ఏప్రిల్‌లో ‘అనానిమస్‌ సూడాన్‌’ ముఠా హైదరాబాద్‌ సహా పలు భారతీయ విమానాశ్రయాల వెబ్‌సైట్లను లక్ష్యంగా చేసుకున్నట్లు సైబర్‌ భద్రతా సంస్థలు వెల్లడించాయి. 2024 అక్టోబరులో ఇద్దరు సూడాన్‌ సోదరులపై అమెరికా అభియోగాలు మోపింది.

పెద్ద సంస్థలకు నిపుణుల బృందాలు ఉంటాయి. చిన్న కార్యాలయాలు, బహుళ అంతస్తుల నివాస సముదాయాల మాటేమిటన్నదే ప్రశ్న. 2016లో ‘మిరాయ్‌’ వైరస్‌ తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చని నిఘా కెమెరాలను, రౌటర్లను వశపరచుకుంది. అక్టోబరు 21న అవే డైన్‌ సంస్థపై దాడికి ఆయుధాలై ట్విటర్‌ వంటి సేవలను నిలిపివేశాయి. కాపలాకు అమర్చిన కెమెరాయే యజమానికి తెలియకుండా దాడిలో పాలుపంచుకుందన్న మాట.

చట్టం ఉన్నా..
ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం ఇటువంటి దాడికి మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. దాడిని గుర్తించిన ఆరు గంటలలోగా సంస్థలు నివేదించాలని సెర్ట్‌-ఇన్‌ 2022 ఏప్రిల్‌ 28న ఆదేశించింది. అయితే కేసు నమోదైనంత మాత్రాన నిలిచిపోయిన సర్వర్‌ తిరిగి పనిచేయదు.

పాస్‌వర్డ్‌ మార్చడం, దిద్దుబాట్లను వెంటనే అమర్చడం, తయారీదారు మద్దతు నిలిచిన పరికరాలను తొలగించడం ఖర్చు కంటే శ్రద్ధ కోరే పనులు. కెమెరాలు అమర్చిన గుత్తేదారు వెళ్లిపోయాక వాటి బాధ్యత ఎవరిదన్నది నివాసుల సంఘాలు ముందుగానే తేల్చుకోవలసి ఉంది. దిద్దుబాటు వెలువడిన నాటికీ, దానిని అమర్చుకున్న నాటికీ మధ్యనున్న జాప్యమే దాడిదారుకు పెట్టుబడి.