కిడ్నీ బయాప్సీ: పరీక్ష చిన్నదే, కాపలా ముఖ్యం

మచిలీపట్నం: మూత్రపిండాల జబ్బుకు కారణం తేల్చేందుకు చేసే బయాప్సీ పరీక్ష అంటే బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో చాలామందికి విజయవాడ ప్రయాణమే. సూది గుచ్చితే కిడ్నీ పాడవుతుందని జడిసేవారు కొందరు. మర్నాడే బస్సెక్కి ఊరు చేరి పనిలోకి దిగేవారు మరికొందరు. మొదటిది అపోహ, రెండవది ప్రమాదం.

వీపు వైపు నుంచి సూదితో కిడ్నీలోని చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడడమే ఈ పరీక్ష. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది గనుక కొంత రక్తస్రావం సహజం. సుమారు 1,18,000 బయాప్సీలను పరిశీలించి 2020లో ప్రచురించిన సమీక్ష ప్రకారం మూత్రంలో రక్తం కనిపించినది నూటికి ముగ్గురు నలుగురిలో. రక్తం ఎక్కించవలసి వచ్చినది నూటికి ఇద్దరి లోపు. మరణాలు పదివేలకు ఆరు.

ముందు జాగ్రత్త

రక్తపోటు 140/90 లోపు ఉండాలి. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి. సూదిని అల్ట్రాసౌండ్ సాయంతో నడపాలి. నడుంనొప్పికి, కీళ్లనొప్పులకు ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్రలు, సూదిమందుల సంగతి రోగి దాచకూడదు. వాటిలో చాలావరకు రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు మాత్రం తమంతట తాము ఏ మందూ మానరాదు.

దివిసీమకు మరో సమస్య ఉంది. 2018 ఆగస్టులో ఇక్కడ పాముకాట్లు జనాన్ని బెంబేలెత్తించాయి. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్నీ, కిడ్నీలనూ కూడా దెబ్బతీస్తుంది. వారాలు గడిచినా కిడ్నీ కోలుకోనివారికి బయాప్సీ అవసరం కావచ్చు. గడ్డకట్టే గుణం తిరిగి వచ్చిందని తేలాకే సూది వేయాలి.

ఒక రాత్రి ఆస్పత్రిలోనే

అమెరికాలో 750 మందిపై జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది గంటలలో బయటపడిన ఇబ్బందులు మూడింట రెండు వంతులే. 24 గంటలకు పదింట తొమ్మిది తెలిశాయి. కనుక కదలక పడుకోవడం, నాడి, రక్తపోటు, మూత్రం రంగు చూస్తుండడం, ఆ రాత్రి అక్కడే ఉండడం మేలు.

ఊరు చేరాక

ఆ మిగిలిన ఒక వంతు ఇంటి దగ్గరే బయటపడవచ్చు. వారం పది రోజులు ధాన్యం బస్తాలు ఎత్తరాదు, నాట్లకు వంగరాదు, వల లాగరాదు. మూత్రం ఎర్రబడినా, ఆగినా, పక్కటెముకల కింద నొప్పి హెచ్చినా, కళ్లు తిరిగినా 108ని పిలవాలి. తీవ్ర రక్తస్రావాన్ని రక్తనాళం లోపలి నుంచి ఆపే చికిత్స పెద్ద ఆస్పత్రులలోనే సాధ్యం. నాగాయలంక నుంచి విజయవాడకు బస్సులో రెండు గంటల పైమాటే. అందుచేత ఆలస్యమే అసలు శత్రువు.

బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. పరీక్ష ఎక్కడ జరిగినా, తరువాతి రెండు వారాల కాపలా బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రులు చేపట్టవచ్చు. రక్తపోటు, హిమోగ్లోబిన్ చూడడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. రోగి చేతికి జాగ్రత్తలు తెలుగులో రాసిన చీటీ ఇచ్చి, అందులోనే దగ్గరి ఆస్పత్రి ఫోను నంబరు వేస్తే సగం ప్రమాదం దారిలోనే తప్పుతుంది. అధికారులు ఈ చిన్న ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.