తప్పు బ్రిడ్జిది కాదు

మా అమ్మాయి గిటార్ మానేస్తానంది. "నాన్నా, వేళ్ళు నొస్తున్నయ్. ఇగ నాతోని కాదు" అని తేల్చేసింది. ఎలక్ట్రిక్ గిటార్ కొని రెండు నెలలైనా కాలేదు. హన్మకొండలో మా ఇంట్లో అదో పెద్ద పంచాయితీ అయిపోయింది. తీరా చూస్తే తప్పు పిల్లది కాదు. పన్నెండో మెట్టు దగ్గర తీగ మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఉంది! కొన్నచోట సెట్ చెయ్యకుండానే చేతిలో పెట్టారు.

మనం సాఫ్ట్‌వేరోళ్ళం కదా, ఆగుతామా? అలెన్ కీ తీసుకుని బ్రిడ్జి మీదున్న శాడిళ్ళన్నీ కిందికి దించేశా. వేళ్ళకి హాయిగానే ఉంది, కానీ ఏ తీగ మీటినా జర్రుమని మోత. పైకి లేపితే మళ్ళీ నొప్పి. లాగ్ చూడకుండా కాన్ఫిగ్‌లో నంబర్లు మార్చే జూనియర్లని తిడతాం చూడండి... సరిగ్గా నేను చేసిందీ అదే.

నా మట్టుకు నాకు అర్థమైంది ఒకటే. బ్రిడ్జిని చివర్లో ముట్టుకోవాలి. ముందు చూడాల్సింది నెక్‌ని.

తీగలు శ్రుతి చేసి, లావు తీగని మొదటి మెట్టు మీదా చివరి మెట్టు మీదా నొక్కిపట్టి, ఎనిమిదో మెట్టు దగ్గర సందు చూడండి. మాది 9.5 అంగుళాల రేడియస్ నెక్. దానికి ఫెండర్ వాళ్ళు చెప్పే లెక్క 0.25 మి.మీ. అసలు సందే లేకపోతే తీగ ఊగడానికి చోటుండదు, మెట్లకి తగుల్తుంది. ఆ సందుని సరిచేసేది ట్రస్ రాడ్. ఒకసారికి పావు చుట్టు మించకూడదు, తిప్పినప్పుడల్లా మళ్ళీ శ్రుతి చేసి కొలవాలి.

లాగ్ ఫైల్ ఎక్కడుందంటారా? మోత వచ్చే చోటే. మొదటి నాలుగైదు మెట్లలోనే వస్తుంటే నెక్ మరీ తిన్నగా ఉన్నట్టు. పై మెట్లలో వస్తే శాడిల్ బాగా దిగినట్టు. ఒకే ఒక్క మెట్టు దగ్గరైతే దాని పక్క మెట్టు లేచి ఉండొచ్చు, అది పనితెలిసినవాడికి ఇవ్వాల్సిందే.

ఇవయ్యాకే శాడిల్. 17వ మెట్టు దగ్గర కొలిస్తే 1.6 మి.మీ. ఉండాలి. ఎత్తు మారింది కాబట్టి పన్నెండో మెట్టు దగ్గర స్వరం సరిగ్గా పలుకుతోందో లేదో కూడా చూసుకోవాలి. అన్నట్టు, మన ఓరుగల్లు ఎండలకీ వానాకాలం తేమకీ చెక్క కదుల్తుంది. ఏడాదికి రెండుసార్లైనా కొలుచుకోక తప్పదు.

ఇంత చేసినా ఆంప్ లేకుండా గట్టిగా మీటితే కాస్త జీర వినపడుతుంది. వినపడనివ్వండి! తంబూరకైతే గుర్రం మీద దారం పెట్టి మరీ జీర రప్పిస్తాం. ఆంప్‌లో వినపడకుండా, స్వరం మధ్యలో చచ్చిపోకుండా ఉంటే చాలు. ఎవరికీ వినపడని మోతని సున్నా చెయ్యడానికి తీగలు పైకెత్తి పిల్ల వేళ్ళు కోయడం నాకైతే న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు అలెన్ కీ మా అమ్మాయి గిటార్ సంచిలోనే ఉంది. నన్ను ముట్టుకోనివ్వట్లేదు :)