పాత సిస్టమ్‌లో విండోస్ 7 వేస్తున్నారా? ముందు ఇది చదవండి

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్న. "మన సిస్టమ్‌కి విండోస్ 11 రాదంట కదా, టీపీఎం ఏదో లేదంట. షాపాయన 7 వేయించుకోండి, జెట్‌లా నడుస్తుందన్నాడు. వేసేయమంటావా?"

నా జవాబు సూటిగా చెప్తాను. స్పీడ్ కోసమైతే వద్దు. వేరే గట్టి కారణం ఏదైనా ఉంటే మాత్రం వేయండి, కానీ ఇంటర్నెట్‌కి దూరంగా పెట్టండి.

పాత కంప్యూటర్ స్లో అవ్వగానే మనవాళ్లంతా ఓఎస్ మీద పడతారు. నేను చూసిన సిస్టమ్స్‌లో ఎక్కువ శాతం అసలు దొంగ హార్డ్ డిస్క్. పదేళ్లు తిరిగిన డిస్క్ మీద కొత్తగా 7 వేస్తే మొదటి వారం బాగానే ఉంటుంది, ఎందుకంటే అందులో ఇంకా ఏమీ లేదు. రెండో నెలకి మళ్లీ అదే తిరుగుడు చక్రం. అదే మెషీన్‌లో 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి, ఉన్న విండోస్ 10నే మళ్లీ ఫ్రెష్‌గా వేస్తే ఇది అదే కంప్యూటరా అనిపిస్తుంది. షాపాయన ఈ మాట ఎందుకు చెప్పడో నాకు తెలీదు గానీ, ఓఎస్ వేసినందుకు డబ్బులు మాత్రం మళ్లీ మళ్లీ వస్తాయి.

సరే, 7 కావాల్సిందే అనుకున్నారు. అప్పుడు మొదలవుతుంది అసలు కథ. 2009లో వచ్చిన ఓఎస్‌ని ఈ రోజు ఇన్‌స్టాల్ చేయడం 2009లో చేసినంత ఈజీ కాదు. అప్పటి సాఫ్ట్‌వేర్‌కి ఆ తర్వాత వచ్చిన హార్డ్‌వేర్ తెలీదు. పైగా ఆ సాఫ్ట్‌వేర్ నమ్ముకున్న సర్వర్లు కూడా మారిపోయాయి.

అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఒక మెసేజ్. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, భాష ఎంచుకుంటాం, ఇన్‌స్టాల్ నౌ నొక్కుతాం. వెంటనే "సీడీ, డీవీడీ డ్రైవ్ డ్రైవర్ మిస్ అయింది, ఇవ్వండి" అంటుంది. అసలు మనం సీడీ వాడనే లేదు! ఈ మెసేజ్ చూసి డీవీడీ డ్రైవ్ మార్పించిన వాళ్లున్నారు, నిజంగా. జరిగింది చాలా చిన్న విషయం. విండోస్ 7 సెటప్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. పెన్‌డ్రైవ్‌ని నీలం రంగు పోర్ట్‌లో పెట్టారు. బూట్ చేసేటప్పుడు బయోస్ దాన్ని చదివింది, సెటప్ తన చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఆ పోర్టే కనిపించడం లేదు. ఆ విండో క్యాన్సిల్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి నల్ల పోర్ట్‌లో, అంటే 2.0లో పెట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ నౌ నొక్కండి. చాలాసార్లు అంతే, ముందుకెళ్లిపోతుంది. వెళ్లకపోతే ఐఎస్‌ఓ ఫైల్ సగంలో డౌన్‌లోడ్ అయి ఉండొచ్చు, అది చెక్ చేయండి.

ఇంటెల్ 6వ జనరేషన్, ఆపైన ఉన్న సిస్టమ్స్‌లో ఇదే జబ్బు ఇంకా ముదురుతుంది. ఆ చిప్‌సెట్‌లలో పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌నే తీసేశారు. నల్ల పోర్ట్ కూడా లోపల 3.0 కంట్రోలర్‌కే వెళ్తుంది. సెటప్ స్క్రీన్ వస్తుంది, మౌస్ కదలదు, కీబోర్డ్ పనిచేయదు. ఇన్‌స్టాల్ డిస్క్‌లోకి యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు ముందుగానే ఎక్కించాలి. గుండ్రటి పిన్ను ఉన్న పాత పీఎస్2 కీబోర్డ్ అటక మీద ఉంటే దించండి, అది మాత్రం పనిచేస్తుంది.

ఎక్స్‌పీ వేసేవాళ్ల తలనొప్పి వేరు. సెటప్ ఫైల్స్ అన్నీ లోడ్ అయ్యాక బ్లూ స్క్రీన్, కింద 7బీతో ముగిసే స్టాప్ కోడ్. హార్డ్ డిస్క్ పోయిందని కొత్తది కొనేస్తారు. డిస్క్‌కి ఏమీ కాలేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ అంటే తెలీదు. బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ని ఐడీఈ లేదా కంపాటిబుల్ అని మార్చండి. ఒకసారి అలా ఇన్‌స్టాల్ చేశాక మళ్లీ ఊరికే వెనక్కి మార్చకండి, అదే బ్లూ స్క్రీన్ మళ్లీ పలకరిస్తుంది.

డిస్క్ జీపీటీ స్టైల్‌లో ఉంది, ఇక్కడ ఇన్‌స్టాల్ చేయలేను అనే ఎర్రర్ కూడా మామూలే. పాత బయోస్ మోడ్‌లో బూట్ చేస్తే విండోస్ 7కి ఎంబీఆర్ కావాలి. వీడియోల్లో చూపించేది ఏంటంటే, డిస్క్‌పార్ట్ ఓపెన్ చేసి క్లీన్ అని కొట్టమంటారు. కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ కమాండ్ ఒక్క సీ డ్రైవ్‌ని కాదు, మొత్తం డిస్క్‌ని తుడిచేస్తుంది. డీ డ్రైవ్‌లో ఉన్న పెళ్లి ఫొటోలు కూడా అందులోనే ఉంటాయి. "డీలో ఉన్నవాటికి ఏం కాదులే" అనే ధీమా మన దగ్గర చాలామందికి ఉంది. ఇక్కడ అది పనికిరాదు.

ఫైల్స్ కాపీ అవుతూ 40 శాతం దగ్గర ఒకసారి, 70 దగ్గర ఇంకోసారి, ప్రతిసారీ వేర్వేరు చోట ఆగిపోతుంటే ఐఎస్‌ఓని తిట్టడం మానేసి ర్యామ్ మీద అనుమానపడండి. రెండు స్టిక్స్ ఉంటే ఒకటి తీసి ట్రై చేయండి, తర్వాత రెండోది. మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే ఇంకా మంచిది. ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే మాత్రం డిస్కో పెన్‌డ్రైవో చూడాలి.

ఇవన్నీ దాటి డెస్క్‌టాప్ వచ్చింది అనుకుందాం. గడియారం చూడండి. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి ఉంటే తేదీ ఏ పదిహేనేళ్ల వెనక్కో వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే ఒక్క సెక్యూర్ సైట్ కూడా సరిగా తెరుచుకోదు. చిన్న బ్యాటరీ మారిస్తే పోయేదానికి నెట్ ప్రొవైడర్‌కి కంప్లైంట్ పెట్టేవాళ్లను చూశాను.

తేదీ సరిచేసినా, అందులో వచ్చే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 ఈనాటి సైట్లను తెరవలేదు. టీఎల్‌ఎస్ 1.2 అందులో ఆన్ చేసి ఉండదు. అంటే బ్రౌజర్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి కూడా బ్రౌజర్ లేదు! ఇంకో కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తేవాల్సిందే. అప్‌డేట్స్ సంగతి ఇంకా ఘోరం. మైక్రోసాఫ్ట్ 2019లో అప్‌డేట్ సంతకాలను షా-2కి మార్చింది, 2020లో పాత షా-1 సర్వర్ దారులు మూసేసింది. కొత్తగా వేసిన 7కి ఆ సంతకం చదవడం రాదు. అందుకే "సెర్చింగ్ ఫర్ అప్‌డేట్స్" అని గంటలు తిరుగుతుంది, లేదా ఏదో కోడ్ చూపించి ఊరుకుంటుంది. ముందు సర్వీస్ ప్యాక్ 1, తర్వాత కేబీ4490628, ఆ తర్వాత కేబీ4474419. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి దించి, ఇదే వరుసలో చేత్తో వేయాలి. అప్పుడే మిగతావాటికి దారి ఉంటుంది. "విండోస్ 7 అప్‌డేట్ పనిచేయట్లేదు, వైరస్ వచ్చింది" అనే వీడియోల కింద ఈ మూడు ముక్కలు ఎవరూ రాయరెందుకో.

ఇంత కష్టపడి అప్‌డేట్ చేసినా మనం చేరేది ఎక్కడికి? మామూలు జనాలకి ఈ ఓఎస్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. క్రోమ్ 109 తర్వాత దీనికి క్రోమ్ లేదు, అది 2023 మొదట్లో వచ్చిన వెర్షన్. అందులో నెట్ బ్యాంకింగ్ తెరిచి, ఓటీపీ కొట్టి, ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుంటామా? ఇంకో సంగతి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో 7 ఐఎస్‌ఓ ఇప్పుడు దొరకదు. షాపుల్లో తిరిగేవి ఎక్కువగా ఎవరో "ప్రీ యాక్టివేటెడ్" అని పెట్టినవి. యాక్టివేషన్‌తో పాటు లోపల ఇంకేం పెట్టారో వేసినవాడికీ తెలీదు, వేయించుకున్నవాడికీ తెలీదు. నా అభ్యంతరం అసలు ఇక్కడే. ఓఎస్ పాతదైనందుకు కాదు, దాంట్లో డబ్బు వ్యవహారాలు చేసుకోండి అని చెప్పి పంపుతున్నందుకు.

మరి గట్టి కారణం అంటే ఏంటి? మా మావయ్యకి డీటీపీ సెంటర్ ఉంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇన్నేళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూల్ ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే. అవి యూనికోడ్ కావు, కాపీ చేసి వేరే దాంట్లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. ఆయనకి "కొత్తదానికి మారు మావయ్యా" అని చెప్పడం ఈజీనే, పాత ఫైల్ తెరిచి పేరు, తేదీ మార్చి పది నిమిషాల్లో కార్డ్ ఇవ్వడమే ఆయన బతుకు తెరువు. ఆయన మెషీన్‌కి 32 బిట్ విండోస్ 7 వేయడం నా దృష్టిలో వందకి వంద శాతం సరైన పని. 32 బిట్ ఎందుకంటే, పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నింటి సెటప్ ఫైల్ 16 బిట్‌ది, 64 బిట్ విండోస్ దాన్ని అసలు ముట్టుకోదు. నెట్ కేబుల్ లేదు, వైఫై లేదు. కస్టమర్లు ఫైల్స్ పంపేది పక్కనున్న వేరే సిస్టమ్‌కి. ల్యాబ్ మెషీన్లు, పాత కట్టింగ్ ప్లాటర్లు, డ్రైవర్ ఆగిపోయిన స్కానర్లు, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. కాస్త కొత్త సిస్టమ్ కొనగలిగితే దాంట్లో వర్చువల్‌బాక్స్ పెట్టి, లోపల పాత విండోస్ నడపడం ఇంకా నయం. అప్పుడు డ్రైవర్ల గొడవ ఉండదు, మొత్తం సెటప్‌ని ఒక ఫైల్‌లా బ్యాకప్ తీసుకోవచ్చు.

చదువుకునే పిల్లలకి, ఇంట్లో యూట్యూబ్, ఈమెయిల్, అప్లికేషన్ ఫారాలకి అయితే ఈ తంటా అవసరమే లేదు. ఎస్‌ఎస్‌డీ వేయండి, 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. బ్రౌజర్ కొత్తది, ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి, తెలుగు టైపింగ్ ఉంది. ప్రింటర్ ఒక్కటి ముందే చెక్ చేసుకోండి. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి చూడొచ్చు, అప్పుడే తెలిసిపోతుంది. విండోసే కావాలంటే 10 మీదే ఉండి ఈఎస్‌యూలో చేరండి, అదీ 2026 అక్టోబర్ దాకానే అని గుర్తు పెట్టుకుని.

ప్రాసెసర్ 32 బిట్‌దే అయితే దారులు తగ్గిపోతాయి. మింట్ మెయిన్ ఎడిషన్ రాదు, డెబియన్ 13 కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది, మిగిలింది డెబియన్ 12. 1 జీబీ ర్యామ్‌తో అదీ బ్రౌజర్ తెరవగానే ఆయాసపడుతుంది. అలాంటి మెషీన్‌కి మాత్రం నేనే విండోస్ 7 వేసిస్తాను, పాత పాటలు, పిల్లలకి టైపింగ్ ప్రాక్టీస్, సాలిటైర్. లాన్ కేబుల్ పీకేసి.