కలరా ఉండలూ, పసిబిడ్డ నెత్తురూ

మనవి బట్ట మీద బతికే ఇళ్లు. ట్రంకు పెట్టెలో చీరల మధ్య కలరా ఉండలు వేయడం అందరికీ అలవాటే. కానుపు కాగానే అదే పెట్టెలోంచి మెత్తటి పాత చీర తీసి బిడ్డను చుడతాం. అక్కడే జాగ్రత్త కావాలి.

మన నెత్తుట్లోని ఎర్ర కణాలకు జీ6పీడీ అనే ఎంజైమ్ కాపలా కాస్తుంది. కొన్ని మందులూ రసాయనాలూ కణాన్ని పాడు చేయబోతే అడ్డుకునేది అదే. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందికి ఈ లోటు ఉందని అంచనా. తల్లి నుంచి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మలేరియా మందు ప్రైమాక్విన్ కొందరికే ఎందుకు పడదో వెతుకుతూ 1956లో అమెరికా పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు.

మామూలు రోజుల్లో ఈ లోటు తెలియనే తెలియదు. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఒంట్లోకి వెళ్తే మాత్రం ఎర్ర కణాలు పగిలిపోతాయి. మింగనక్కర్లేదు, పసిబిడ్డకు ఆ బట్టల వాసన పీల్చినా చాలు.

"మా పిల్లలందరినీ అవే బట్టల్లో పెంచాం, ఏమైంది?" అంటారు పెద్దవాళ్లు. రసాయనం ఒకటే అయినా నెత్తురు ఒకటి కాదు కదా! మనం రోజూ తినే ఉల్లిపాయ కుక్కకో పిల్లికో పెడితే దాని ఎర్ర కణాలు పగులుతాయి. అదే ఉల్లి ఆవుకు చేసినంత చేటు మేకకు చేయదు. గొర్రె కణాల్లో జీ6పీడీ మనకంటే బాగా తక్కువ, అయినా అది నిక్షేపంగా తిరుగుతుంది. జాతికో తీరు, మనుషుల్లో మనిషికో తీరు.

బిడ్డ కళ్లు పచ్చబడినా, మూత్రం నల్ల టీ రంగులో వచ్చినా, పాలు తాగక మగతగా ఉన్నా, ఉండ మింగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసిరికలని నాటు మందు పోస్తూ కూర్చోవద్దు. కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతింటుంది. కలరా ఉండల సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. జీ6పీడీ పరీక్ష ఉంది. కానీ జబ్బు పడ్డప్పుడే చేస్తే బాగానే ఉన్నట్టు చూపించవచ్చు. పాత కణాలు పోయి, ఎంజైమ్ నిండుగా ఉన్న కొత్తవి మిగులుతాయి గనక. మూడు నెలలు పోయాక మళ్లీ చేయించండి. లోటు ఉందని తేలితే ఆ కాగితం దాచి, ఏ మందు రాయించుకున్నా ముందు అది చూపించండి.

బిడ్డ బట్టలకు ఎండబెట్టిన వేపాకు చాలు, కలరా ఉండలు వద్దు.