ప్రాంతీయ విమానయానము: ఆరంభశూరత్వము చాలదు

హైదరాబాదు కేంద్రముగా నేర్పడిన ఫ్లై ఎక్స్‌ప్రెస్ సంస్థకును, కేరళీయులదగు అల్ హింద్ ఎయిర్ సంస్థకును కేంద్ర పౌరవిమానయాన శాఖవారు 2025 డిసెంబరులో నిరాక్షేపపత్రము లొసంగిరి. ఆ మాసారంభముననే ఇండిగో సంస్థవారి విమానములు వేలకొలది రద్దయి, ప్రయాణికులు దిక్కుతోచక విమానాశ్రయములలో పడిగాపులు పడిన సంగతి పాఠకులు మఱచియుండరు. దేశీయ ప్రయాణికులలో నూటికి అఱువదిమందికి పైగా ఒక్క సంస్థ నాశ్రయించి యుండుట ఎంతటి ప్రమాదమో ఆ దినములు తేటపఱచినవి. కావున చిన్నసంస్థలు పుట్టవలయునను కోరిక సహజము, న్యాయము. అయితే పుట్టుట వేఱు, బ్రతుకుట వేఱు. ఈ భేదమును తెలుగుదేశము రెండుమాఱులు నష్టపడి నేర్చుకొన్నది.

విజయవాడ కేంద్రముగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా వెలసినది. ఎంబ్రాయర్ జెట్ విమానములను బాడుగకు దెచ్చి, మధ్యతరగతి నగరములను గలుపబూనినది. బాడుగ కిచ్చినవారితో వచ్చిన పేచీలు ముదిరి, 2017 ఫిబ్రవరి 28వ తేదీన దాని సేవలు నిలిచిపోయినవి. హైదరాబాదునుండి 2015 జులైలో బయలుదేఱిన ట్రూజెట్ ఏటీఆర్ విమానములను నడపినది. ఉడాన్ పథకము క్రింద తొలి విమానములు కదలిన 2017 ఏప్రిల్ 27వ తేదీననే అది కడపను హైదరాబాదుతో గలిపినది. కడప, విద్యానగరము, నాందేడు వంటి ఊళ్ల పేళ్లు దాని కాలపట్టికల కెక్కినవి. 2022 ఫిబ్రవరిలో అదియు నిలిచినది.

ఇది చూచి, ఆరంభశూరత్వము మన జాతిలక్షణమనియు, ఉట్టి కెక్కలేనమ్మ స్వర్గమున కెక్కబూనినట్లయిన దనియు ఎగతాళి చేయువారు కలరు. ఈ ఎగతాళిని మేము అంగీకరింపజాలము. టాటావారి తొలి విమానములు మాత్రము చిన్నవి గావా? 1932 అక్టోబరులో ఒంటి ఇంజను విమానముతో టపాసంచులను గరాచీనుండి బొంబాయికిని, అటనుండి బళ్లారి మీదుగా చెన్నపట్టణమునకును జేర్చిన ఆ ప్రయత్నమే కాలక్రమమున ఎయిర్ ఇండియా అయినది. హైదరాబాదు సంస్థానమువారును టాటాలును గలిసి 1945లో స్థాపించిన దక్కను ఎయిర్‌వేస్, 1953లో జాతీయము గావింపబడువఱకు బేగంపేటనుండి దేశము నలుమూలలకు నడచినది. సాహసము మనకు కొఱవడలేదు. కొఱవడినది సాహసమునకు వెనుబలము.

చిన్నసంస్థ లెక్క యెట్టిదో చూడుడు. ఏటీఆర్ విమానమున సుమారు డెబ్బది ఆసనములు. హ్రస్వదూరములలో అది జెట్టుకంటె తక్కువ ఇంధనమును త్రాగును, పొట్టి పరుగుబాటలపై దిగగలదు. కాని విమానపు బాడుగ డాలర్లలో చెల్లవలయును, టిక్కెట్టు సొమ్ము రూపాయలలో వచ్చును. రూపాయి జాఱిన ప్రతిమాఱు విమానము నిండియున్నను నష్టమే. ఖర్చులలో నూటికి సుమారు నలువది పాళ్లు ఇంధనమునకే పోవును. ఆ ఇంధనము నేటికిని జీఎస్టీ పరిధికి వెలుపలనే యున్నది. పదులకొలది విమానములుగల సంస్థకు ఒకటి మరమ్మతునకు జేరినను పనికి భంగము లేదు. మూడు విమానములే యున్నచో, ఒకటి నిలిచిన క్షణముననే ఆదాయములో మూడవవంతు పోయి, జీతములును బాడుగయు యథాతథముగా మిగులును.

ఇక పెద్దల పోటీ. వ. ఉ. చిదంబరం పిళ్లెగారు 1906లో తూత్తుకుడినుండి కొలంబోకు స్వదేశీ ఓడలను నడపగా, ఆంగ్లేయుల కంపెనీవారు చార్జీలను తగ్గించి తగ్గించి, తుదకు ఉచితముగా నెక్కించుకొని గొడుగులు సైతము పంచిరి. ఆయన 1908లో చెఱసాలపాలయ్యెను. కంపెనీయు నిలువలేదు. నేటి పెద్దసంస్థలు గొడుగులు పంచనక్కఱలేదు. చిన్నసంస్థ కష్టపడి ప్రయాణికుల నలవాటు చేసిన మార్గమున రెండుమాసములు చౌకగా నడపిన చాలును. ఆ పిదప చార్జీ యెంతయో నిర్ణయించువారు వారే.

ఇట్టి స్థితిని చక్కదిద్దుటకే ఉడాన్ పథకము పుట్టినది. గంట ప్రయాణమునకు సుమారు 2,500 రూపాయల మితి, మూడేండ్లు లోటుభర్తీ, అంతకాలము మార్గముపై ఏకాధికారము, రాష్ట్రములచే ఇంధనముపై నూటికి ఒక్కటి మించని పన్ను. ఉద్దేశము మెచ్చదగినదే. ఫలితమో? 2023లో కాగ్ వెలువరించిన నివేదికను చూడుడు. మూడవ విడతవఱకు కేటాయించిన 774 మార్గములలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేండ్లు నిండినవి 112. ఆపైన 2023 మార్చినాటికి నిలిచినవి 54 మాత్రమే. నాట్లువేసి నీరుపెట్టక, పంట పండలేదని నేలను నిందింపవచ్చునా?

"బస్సులకే గతిలేని పల్లె లుండగా విమానముల కేల ప్రజాధనము?" అని కొంద ఱడుగుదురు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న గాదు. బస్సు ముందు, విమానము తరువాత అనుటలో మాకు సందేహము లేదు. కాని కడప విమానాశ్రయము 2015లోను, కర్నూలు చెంత ఓర్వకల్లు విమానాశ్రయము 2021లోను ప్రజాధనముతోనే తెఱవబడినవి. ఆ పరుగుబాటలను ఎండబెట్టుటకంటె వాడుటయే పొదుపు. రాయలసీమ రోగికిని, విద్యార్థికిని, చిన్నవర్తకునికిని రాజధానులు రాత్రియంతటి ప్రయాణదూరమున నుండుట సమానత్వము గాదు. ఉడాన్ నిధియు ప్రధానమార్గముల విమానములపై విధించిన సుంకమునుండి సమకూర్చబడునదే.

కావున మేము కోరునవి యివి. మూలధనము కనీసము రెండేండ్ల నష్టమును భరించునట్లున్న సంస్థలకే అనుమతి యొసంగవలెను. ఇది చిన్నవారిని అడ్డుటకు గాదు, ప్రయాణికులను, ఉద్యోగులను కాపాడుటకు. లోటుభర్తీ సొమ్మును బకాయి పెట్టక నెలనెల చెల్లించి, నడపినవానికి మాత్రమే ఈయవలెను. హైదరాబాదు, బెంగుళూరుల వంటి రద్దీ విమానాశ్రయములలో ప్రాంతీయ విమానములకు ఉదయసాయంకాలములందు కొన్ని వేళలను ప్రత్యేకించవలెను. ఉదయము పోయి సాయంత్రము తిరిగిరాలేని విమానము వర్తకునికి నిష్ప్రయోజనము. ఇంధనమును జీఎస్టీలోనికి దేవలెను. 2024లో ఈ శాఖను చేపట్టిన రామమోహననాయుడుగారు శ్రీకాకుళము వారు. వెనుకబడిన సీమల దూర మెట్టిదో ఆయనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

సంస్థలవారికిని ఒక మాట. 2019 జనవరిలో యాబది ఆసనముల విమానములతో మొదలిడిన స్టార్ ఎయిర్, కలుబురగి, బెళగావి వంటి పట్టణముల నాశ్రయించి మహమ్మారి కాలమును దాటినది. పెద్దజెట్లు రాని చోటనే చిన్నవిమానమునకు బలము. ఢిల్లీ, బొంబాయి మార్గములపై మోజుపడి పెద్దలతో తలపడువాడు తన మూలధనమును తానే తగులబెట్టుకొనును. నాలుగు ఊళ్లను నమ్మకముగా, వేళతప్పక కలుపుడు. అటుపిమ్మట అయిదవ ఊరి మాట తలపుడు.

ఎగురుట ఒకనాటి ఉత్సవము. ప్రతిదినము వేళకు దిగుటయే వ్యాపారము. క్రొత్తవారిని మేము ఆశీర్వదించుచున్నాము. ప్రభుత్వమువారు ప్రారంభోత్సవపు రిబ్బను కత్తిరించుటతో తమ పని తీఱినదని భావింపకుందురుగాక.