మీ గ్లాసులో ఏ ఊరుంది?

సికింద్రాబాద్ పాత బజార్లలో కాఫీ పొడి కొట్టు ముందు నిలబడితే చాలు, ఆ వాసనకే సగం నిద్రమత్తు వదిలిపోతుంది. 'మామూలుగానేనండీ?' అంటాడు కొట్టాయన. మీ ఇంటి చికోరీ పాళ్లు ఆయనకు కంఠతా వచ్చు! నిబంధనల ప్రకారం చికోరీ 49 శాతం దాటకూడదు.

మరి ఆ గింజ ఎక్కడిది? చిక్‌మగళూరుదా, అరకుదా? మన్యంలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన కుటుంబాలు పండించే అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్ మెచ్చిన పేరు మన వంటింటికి తెలియకపోతే ఎలా?

ఈసారి పొడి కొనేటప్పుడు పాళ్లతో పాటు గింజ ఊరూ అడగండి. కొనేవాళ్లు అడిగితేనే కదా, పండించినవాళ్ల పేరు నిలిచేది!