పలిస పిట్టకి పేరు లేదట

ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్ చుట్టుపక్కల పక్షులు చూపించడానికి జనాన్ని వెంటేసుకెళ్ళేవాళ్ళ నోట ఒక మాట తరచూ వింటున్నాను: “దీనికి తెలుగులో పేరు లేదండీ.” నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. పేరు లేక కాదు, ఎవరూ అడగక.

మోదుగులు పూసే ఈ రోజుల్లో, తిరుగు ప్రయాణానికి ముందు, గులాబి ఒళ్ళూ నల్ల తలా ఉన్న పిట్టలు గుంపులుగా ఆ చెట్ల మీద వాలి ఒకటే గోల చేస్తాయి. వేసవి ముదిరేసరికి ఉండవు, గుడ్లు పెట్టడానికి మధ్య ఆసియా గడ్డిమైదానాలకి పోతాయి. మొన్న మావాళ్ళంతా ‘రోజీ స్టార్లింగ్’ అని ఫోన్లలో ఎక్కించుకున్నారు. పక్కనే మేకలు కాస్తున్న పెద్దాయన “గవి పలిస పిట్టలు గదా, జొన్న చేన్ల మీద పడ్తయి” అన్నాడు. మా నాయకుడు నవ్వి, ఫోటోకి అడ్డం వస్తున్న మేకల్ని కాస్త అవతలికి తోలమన్నాడు.

ఆ పేరు పెద్దాయన కల్పించింది కాదు. ఒకప్పుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్, 1862-64లో వేసిన ‘ద బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో, దొరికినంతమేరకి పిట్టల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. పలిస అందులో ఉంది. తెలుగు తన భాష కాని దొర అడిగి రాసుకున్నాడు. మనకి భాష వచ్చు, అయినా నోరు పెగలదు.

“శాస్త్రీయ నామం ఉందిగా, చాలదా?” అంటారు. కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. వెతుకుతూ వచ్చింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్, పట్టి చూపించింది అక్కడి వేటగాడు. ఆయన్ని లాటిన్లో అడిగితే దొరికేదా?

చెరువులో మట్టి లారీ దిగిన రోజున దాన్ని ముందు చూసేది ఆ మేకల పెద్దాయనే, ఆదివారం పొద్దున రెండు గంటలుండి టిఫిన్‌కి లేచిపోయే మనం కాదు. ఆయన్ని పిట్టల ముచ్చట్లోంచి నెట్టేసి, ‘స్థానికుల్లో అవగాహన లేదు’ అని వ్యాసాలు రాస్తాం!

ఇంగ్లీషుని మక్కీకి మక్కీ దించి ‘గులాబి గోరింక’ అందామనేవాళ్ళూ ఉన్నారు. (పాపం, ఉద్దేశం మంచిదే.) ఉన్న పేరు ఉండగా ఈ తంటా దేనికి? చెక్‌లిస్టులో ఇంకో గడి గీసుకోండి: ఇక్కడివాళ్ళు దీన్నేమంటారు? ఊరికో పేరు రావచ్చు, నాలుగు పిట్టలకి ఒకే పేరూ రావచ్చు. గందరగోళంగా ఉన్నా అలాగే రాసుకోండి, ఏ ఊళ్ళో ఎవరు చెప్పారో కూడా. ఈ నెలలోనే మొదలుపెట్టండి. వేలు పెట్టి చూపించి అడగడానికి పిట్ట ఎదురుగా ఉండాలి కదా.